రియల్ ఏల్ రుచి పరిశీలన, మార్కుల విధానం: ఇంగ్లండు సముద్రతీర పబ్బులు

రియల్ ఏల్ బ్రిటన్‌కు, ముఖ్యంగా ఇంగ్లండుకు చెందిన సంప్రదాయ బీరు. ఇందులోని ఈస్టును వేడిచేసి చంపరు, పూర్తిగా వడకట్టి తీసెయ్యరు. పీపాలో నింపిన తరవాత కూడా అది పులుస్తుంది, పబ్ సెల్లారులో తేరుకుంటుంది, బయటినుంచి వాయువు ఒత్తిడి లేకుండా గ్లాసులోకి వస్తుంది. అందువల్ల ఒక బ్రూవరీ ఒకే రోజున నింపిన రెండు పీపాలు రెండు పబ్బులలో రెండు రుచులతో ఉండవచ్చు. దీనికి మార్కులు వేసేవారు బ్రాండును కాక, ఆ పబ్‌లో ఆ పూట పోసిన పింట్‌ను పరీక్షిస్తారు. సముద్రతీర విహార పట్టణాలలో గిరాకీ రుతువును బట్టి పెరిగి తరుగుతుంది కాబట్టి ఈ తేడా అక్కడ స్పష్టంగా తెలుస్తుంది.

నిర్వచనం

'రియల్ ఏల్' అనే పేరును ప్రచారంలోకి తెచ్చింది కామ్రా అనే వినియోగదారుల సంస్థ. దాని నిర్వచనంలో మూడు షరతులున్నాయి: సంప్రదాయ ముడిపదార్థాలతో తయారుకావాలి, ఏ పాత్రలోనుంచి పోస్తారో ఆ పాత్రలోనే రెండోసారి పులియాలి, పోసేటప్పుడు బయటి కార్బన్ డయాక్సైడ్ వాడకూడదు. పీపాలో ఉండేదాన్ని క్యాస్క్ ఏల్ అనీ అంటారు. ఈస్టు మిగిల్చి సీసాలో పులియబెట్టిన ఏల్ కూడా ఈ నిర్వచనంలోకి వస్తుంది.

ముడిపదార్థాలు నాలుగు: బార్లీ మాల్ట్, హాప్ పూలు, ఈస్టు, నీళ్లు. మాల్ట్‌లో మారిస్ ఆటర్, హాప్స్‌లో ఫగుల్, ఈస్ట్ కెంట్ గోల్డింగ్స్ రకాలు ప్రసిద్ధమైనవి. చెట్టునుంచి దించిన కల్లు కుండలో ఉన్నంతసేపూ పులుస్తూనే ఉన్నట్టు, పీపాలోని ఏల్ కూడా పబ్‌కు చేరిన తరవాత మారుతూనే ఉంటుంది. భారతదేశంలో విరివిగా అమ్ముడయ్యే సీసా బీర్లు ఇందుకు భిన్నమైనవి. అవి వడకట్టి, చల్లగా అందించే లాగర్లు.

చరిత్ర

ఏల్, హాప్స్: మధ్యయుగ ఇంగ్లండులో ఏల్ ఎక్కువగా ఇళ్లలో తయారయ్యేది, ఆ పని చేసేవారిలో స్త్రీలే అధికం. అప్పటి ఏల్‌లో హాప్స్ ఉండేవి కావు. 15వ శతాబ్దంలో ఫ్లాండర్స్ నుంచి హాప్స్ వాడుక వచ్చింది. హాప్స్ చేదును ఇవ్వడమే కాక బీరును త్వరగా పాడుకాకుండా కాపాడతాయి. ఆగ్నేయ తీరంలోని కెంట్ కౌంటీ హాప్ తోటలకు కేంద్రమైంది.

ఎగుమతులు: 18వ శతాబ్దం చివరినుంచి లండన్‌లోని బో ప్రాంతపు హాడ్జ్‌సన్ బ్రూవరీ బీరు ఈస్టిండియా కంపెనీ నౌకలలో కలకత్తా, మద్రాసు, బొంబాయి రేవులకు వెళ్లేది. 1820లలో బర్టన్ పట్టణానికి చెందిన ఆల్సప్ వంటి సంస్థలు ఈ వ్యాపారంలో దిగాయి. ఇండియా పేల్ ఏల్, అంటే ఐపీఏ, ఆ వ్యాపారంలోనే పేరు తెచ్చుకుంది.

తీరపట్టణాలు: సముద్రస్నానం ఆరోగ్యకరమన్న నమ్మకం 18వ శతాబ్దంలో సంపన్నులను తీరానికి రప్పించింది. 1840లలో రైళ్లు బ్రైటన్‌కు, స్కార్‌బరోకు, మార్గేట్‌కు చేరడంతో సామాన్యులూ రాసాగారు. 1871 నాటి బ్యాంకు సెలవుల చట్టం ఒక్కరోజు విహారాలను పెంచింది. రేవులలో జాలరుల కోసం ఉన్న పాత పబ్బులకు తోడు విహారుల కోసం పెద్ద హోటళ్లు, బార్లు వెలిశాయి.

కెగ్ బీరు, కామ్రా స్థాపన: 1960లలో పెద్ద బ్రూవరీలు చిన్నవాటిని కొనేసి, వడకట్టి పాశ్చరైజ్ చేసిన కెగ్ బీరును దేశమంతటా అమ్మసాగాయి. వాట్నీ సంస్థ రెడ్ బ్యారెల్ దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. దీన్ని వ్యతిరేకిస్తూ 1971లో మైకేల్ హార్డ్‌మన్, గ్రాహం లీస్, జిమ్ మేకిన్, బిల్ మెల్లర్ అనే నలుగురు ఐర్లండు పడమటి తీరంలోని డంక్విన్‌లో ఒక సంఘాన్ని ప్రారంభించారు. 1973లో అది 'కాంపెయిన్ ఫర్ రియల్ ఏల్', పొట్టిగా కామ్రా, అయింది. దాని గుడ్ బీర్ గైడ్ 1974నుంచి పుస్తకరూపంలో ఏటా వస్తోంది.

చట్టాల ప్రభావం: పెద్ద బ్రూవరీల అద్దె పబ్బులలో బయటి సంస్థల క్యాస్క్ బీరును 'అతిథి'గా అమ్ముకునేందుకు 1989 నాటి బీరు ఉత్తర్వులు వీలిచ్చాయి. 2002లో చిన్న బ్రూవరీలకు సుంకంలో రాయితీ వచ్చింది. 2003 నాటి లైసెన్సుల చట్టం 2005 నవంబరులో అమలయ్యాక చిన్న దుకాణాన్ని పబ్‌గా మార్చడం తేలికైంది. ఆ నెలలోనే కెంట్‌లో హెర్న్ బే దగ్గరి హెర్న్ గ్రామంలో, పూర్వం మాంసం కొట్టుగా ఉన్న గదిలో, మార్టిన్ హిలియర్ 'బుచర్స్ ఆర్మ్స్' తెరిచారు. మొదటి మైక్రోపబ్‌గా దాన్నే లెక్కిస్తారు.

రకాలు

బిటర్: రాగి రంగు, హాప్స్ చేదు, మాల్ట్ తీపి కలిసిన ఏల్. ఇంగ్లిష్ పబ్బులలో సర్వసాధారణం. బలం పెరిగేకొద్దీ బెస్ట్ బిటర్, స్ట్రాంగ్ బిటర్ అంటారు.

మైల్డ్: చేదు తక్కువ, మద్యం శాతం తక్కువ. తరచు ముదురు రంగు.

గోల్డెన్ ఏల్: లేత బంగారు రంగు, పండ్ల వాసన. 1986లో వచ్చిన ఎక్స్‌మూర్ గోల్డ్ దీని తొలి ఉదాహరణలలో ఒకటి. వేసవిలో తీరపట్టణాలకు వచ్చే లాగర్ ప్రియులను క్యాస్క్ వైపు తిప్పడంలో ఈ రకానికి పాత్ర ఉంది.

పేల్ ఏల్, ఐపీఏ: హాప్స్ ప్రధానమైనవి. కొత్త తరం ఐపీఏలలో అమెరికా, న్యూజిలండ్ హాప్స్ వాడకం ఎక్కువ.

పోర్టర్, స్టౌట్: వేయించిన మాల్ట్ వల్ల నల్లని రంగు, కాఫీ, చాక్లెట్ ఛాయలు.

ఓల్డ్ ఏల్, బార్లీ వైన్: ఎక్కువ కాలం నిలవచేసే, బలమైన, చలికాలపు రకాలు.

రోజువారీ క్యాస్క్ ఏల్స్‌లో మద్యం చాలావరకు 3.5 నుంచి 5 శాతం మధ్య ఉంటుంది.

పీపా నుంచి గ్లాసు వరకు

పబ్బులలో సాధారణంగా వాడే పీపా ఫర్కిన్. అందులో 9 గ్యాలన్లు, అంటే 72 పింట్లు, సుమారు 41 లీటర్లు పడతాయి. పిన్ అందులో సగం, కిల్డర్‌కిన్ రెండింతలు. బ్రిటిష్ పింట్ 568 మిల్లీలీటర్లు.

సెల్లారుకు వచ్చిన పీపాను స్టిల్లేజ్ అనే దిమ్మె మీద అడ్డంగా పడుకోబెట్టి కదలకుండా ఉంచుతారు. ఈస్టు అడుగుకు చేరడానికి బ్రూవరీలోనే ఐసింగ్లాస్ కలిపి ఉంటుంది. ఇది చేపల గాలితిత్తులనుంచి తీసే పదార్థం. అందుచేత ఐసింగ్లాస్ వాడిన ఏల్ శాకాహారం కిందికి రాదు. ఇది కలపకుండా తయారుచేసే బ్రూవరీలూ ఉన్నాయి. వాటి బీరు కొంచెం మసకగా ఉండవచ్చు.

పీపా పైభాగపు బిరడాలో స్పైల్ అనే చిన్న చెక్క మేకును దిగ్గొడతారు. మెత్తని చెక్క స్పైల్ ఎక్కువైన వాయువును బయటికి పోనిస్తుంది. పులిసే పొంగు తగ్గాక గట్టి చెక్క స్పైల్ పెట్టి మిగిలిన వాయువును నిలుపుతారు. ముందు పక్కన కొళాయి బిగిస్తారు. బీరు తేటపడడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. సెల్లారు ఉష్ణోగ్రత 11 నుంచి 13 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. వెచ్చనైతే బీరు త్వరగా చెడుతుంది, మరీ చల్లనైతే వాసన అణిగిపోయి మసక కనిపించవచ్చు.

బార్ మీది హ్యాండ్‌పంప్ పిడిని లాగితే బీరు పైకి వస్తుంది. పంపు లేని చోట పీపా కొళాయినుంచే గ్లాసులోకి పట్టి ఇస్తారు. తీసిన ప్రతి పింట్ స్థానంలో పీపాలోకి గాలి చేరుతుంది. ఆ గాలిలోని ఆక్సిజన్ రుచిని చప్పబరుస్తుంది, పుల్లబరిచే సూక్ష్మజీవులకు తోడ్పడుతుంది. కొళాయి తిప్పాక పీపాను సుమారు మూడు రోజులలో ఖాళీ చేయాలనడానికి కారణం ఇదే. రాత్రంతా గొట్టంలో నిలిచిన బీరును ఉదయం పారబోయడం, వారానికోసారి గొట్టాలు శుభ్రం చేయడం మంచి నిర్వహణకు గుర్తులు.

రుచి చూసే పద్ధతి

అనేక రకాలను పోల్చేవారు పింట్‌లో మూడోవంతు గ్లాసులను ఎంచుకుంటారు. అలాంటి మూడు గ్లాసులను ఒక చెక్క పలక మీద పెట్టి ఇవ్వడం చాలా పబ్బులలో ఉంది. బలం తక్కువ దానితో మొదలుపెట్టి ఎక్కువ దానికి, లేత రంగునుంచి ముదురు రంగుకు వెళ్తారు. మధ్యలో మంచినీళ్లు తాగుతారు. వెనిగర్ చల్లిన చేపల వేపుడు, చిప్స్, గవ్వజాతి మాంసం తీరపట్టణాల సాధారణ చిరుతిళ్లు. వెనిగర్ వాసన బీరులోని పులుపు దోషాన్ని కప్పేస్తుంది కాబట్టి మార్కులు వేశాకనే వాటిని తినడం మేలు.

పరిశీలన ఐదు మెట్లలో సాగుతుంది.

1. చూపు: రంగు, తేటదనం, నురగ నిలకడ. కావాలనే మసకగా తయారుచేసిన బీరుకు మసకను దోషంగా లెక్కించరు.

2. వాసన: గ్లాసును మెల్లగా తిప్పి పీల్చినప్పుడు తెలిసే మాల్ట్, హాప్, పండు, ఈస్టు వాసనలు.

3. రుచి: తీపి, చేదు, పులుపుల పాళ్లు, వాటి సమతూకం. చేదు చివర్లో తెలుస్తుంది కాబట్టి వైన్ పరీక్షలోలా ఉమ్మెయ్యకుండా గుక్కను మింగుతారు.

4. నోటికి తగిలే తీరు: పలచన, చిక్కదనం, వాయువు చురుకు. చురుకు బొత్తిగా లేని బీరును 'ఫ్లాట్' అంటారు.

5. మింగాక మిగిలే రుచి: అది ఎంతసేపు నిలుస్తుంది, మరో గుక్క తాగాలనిపిస్తుందా అన్నవి.

సాధారణ దోషాలు

వెనిగర్ పులుపు: పీపా తెరిచి చాలా రోజులైందనడానికి, లేదా గొట్టాలు శుభ్రంగా లేవనడానికి గుర్తు.

వెన్న వాసన: డయాసిటైల్ వల్ల వస్తుంది. కొన్ని ఏల్స్‌లో స్వల్పంగా ఉంటే అంగీకరిస్తారు.

పచ్చి ఆపిల్ వాసన: అసిటాల్డిహైడ్ వల్ల. బీరు పూర్తిగా పక్వం కాలేదని సూచిస్తుంది.

తడి అట్టముక్క వాసన: ఆక్సిజన్ తగిలి పాతబడిన బీరులో ఉంటుంది.

ఉడికించిన మొక్కజొన్న వాసన: డైమిథైల్ సల్ఫైడ్ వల్ల.

ఆసుపత్రి మందు వాసన: క్లోరిన్ కలిసిన శుభ్రపరిచే ద్రావణం సరిగా కడగకపోవడం దీనికి ఒక కారణం.

ఎండ దెబ్బ: హాప్స్‌లోని చేదు పదార్థాలు వెలుతురుకు విడిపోయి గంధకపు దుర్వాసన ఇస్తాయి. సముద్రపుటొడ్డు బల్లల మీద ఎండలో పెట్టిన గ్లాసులో ఇది నిమిషాలలోనే మొదలుకావచ్చు. ఈ దోషం సెల్లారుది కాదు కాబట్టి మార్కులు వేయదలచినవారు మొదటి గుక్కలను నీడలో చూడాలి.

బీరు చెడిందని మర్యాదగా చెబితే గ్లాసు మార్చి ఇవ్వడం మంచి పబ్బుల ఆనవాయితీ.

మార్కుల విధానాలు

జాతీయ బీరు మార్కుల పద్ధతి: కామ్రా సభ్యులు వాడే ఈ పద్ధతిలో 0 నుంచి 5 వరకు మార్కులుంటాయి. అరమార్కులూ వేయవచ్చు. వీటి అర్థాలు స్థూలంగా ఇవి:

0 – క్యాస్క్ ఏల్ దొరకలేదు, లేదా తాగలేక తిప్పి ఇవ్వవలసి వచ్చింది.
1 – నాసిరకం. తాగవచ్చు గాని అయిష్టంగానే.
2 – సామాన్యం. తప్పులేదు, ప్రత్యేకతా లేదు.
3 – బాగుంది. అక్కడే ఇంకొకటి తాగాలనిపిస్తుంది.
4 – చాలా బాగుంది. ఉత్తమ స్థితిలో ఉంది.
5 – లోపం లేనిది; అనుభవజ్ఞులు అరుదుగా మాత్రమే వేసే మార్కు.

ఈ పద్ధతిలో వ్యక్తిగత ఇష్టానికి చోటు లేదు. స్టౌట్ నచ్చనివారు కూడా చక్కగా నిలవచేసిన స్టౌట్‌కు 4 వేయవచ్చు. కామ్రా స్థానిక శాఖలు ఈ మార్కులను ఆధారం చేసుకుని గుడ్ బీర్ గైడ్‌కు పబ్బులను ఎంపిక చేస్తాయి. గైడ్‌లో ఏటా సుమారు 4,500 పబ్బులుంటాయి.

క్యాస్క్ మార్క్: ఇది సెల్లారు నిర్వహణకు ఇచ్చే గుర్తింపు. శిక్షణ పొందిన పరీక్షకులు ముందు చెప్పకుండా వచ్చి బీరు ఉష్ణోగ్రత, రూపం, వాసన, రుచి చూస్తారు. నెగ్గిన పబ్ గోడకు ఫలకం పెట్టుకుంటుంది.

వినియోగదారుల యాప్‌లు: 2010లో మొదలైన అన్‌టాప్డ్ వంటి వాటిలో తాగినవారు బీరుకు నక్షత్రాలు ఇస్తారు. ఇక్కడ సగటు బ్రాండుకు చేరుతుంది. పబ్ నిర్వహణలో లోపాలున్నా ఆ మాట బ్రూవరీకే అంటుకుంటుంది.

రుచి బృందాలు, బహుమతులు: కామ్రా శిక్షణ ఇచ్చిన స్థానిక బృందాలు ప్రాంతపు బీర్ల లక్షణాలను వర్ణిస్తాయి. 1978నుంచి ఇస్తున్న చాంపియన్ బీర్ ఆఫ్ బ్రిటన్ బహుమతి బీరుకు దక్కుతుంది. నేషనల్ పబ్ ఆఫ్ ద ఇయర్ బహుమతి పబ్‌కు దక్కుతుంది. స్కాట్లండు తీరంలోని బ్రోటీ ఫెరీలో ఉన్న ఫిషర్‌మన్స్ టావర్న్ 1994లో ఈ రెండో బహుమతి పొందింది.

తీరపట్టణాల ప్రత్యేకతలు

గిరాకీ, తాజాదనం: వేసవి వారాంతాలలో ఫర్కిన్ ఒక పూటలో అయిపోవచ్చు. అప్పుడు బీరు తాజాగానే ఉంటుంది గాని, తేటపడడానికి తగినంత వ్యవధి ఇవ్వకుండా పీపా తెరిచే ప్రమాదం ఉంది. చలికాలంలో ఇందుకు భిన్నంగా పీపా మూడు రోజులు దాటి నిలిచిపోతుంది. శ్రద్ధగల పబ్బులు చలికాలంలో పంపుల సంఖ్య తగ్గిస్తాయి, లేదా పిన్‌లకు మారతాయి. ఏడాది పొడవునా వేర్వేరు నెలలలో వేసిన మార్కులు ఉంటేనే తీరపు పబ్ స్థాయి సరిగ్గా తెలుస్తుంది.

సౌత్‌వోల్డ్: సఫక్ తీరంలోని ఈ చిన్న పట్టణంలో ఆడ్నమ్స్ బ్రూవరీ ఉంది. 1872లో జార్జ్, ఎర్నెస్ట్ ఆడ్నమ్స్ సోదరులు దాన్ని కొన్నారు. దీపస్తంభం పక్కనే ఉన్న ఆ బ్రూవరీనుంచి సోల్ బే ఇన్, కొండగట్టు మీది లార్డ్ నెల్సన్ వంటి పబ్బులు నడకదూరంలో ఉన్నాయి. బ్రాడ్‌సైడ్ అనే ఏల్ 1672 నాటి సోల్ బే నౌకాయుద్ధానికి 300 ఏళ్లు నిండిన సందర్భంగా 1972లో తయారైంది. ఒకే బ్రూవరీ ఏల్‌ను పక్కపక్క పబ్బులలో రుచి చూసి నిర్వహణలోని తేడాలు పోల్చడానికి ఈ పట్టణం అనువైనది.

థానెట్: కెంట్ తూర్పు కొనలోని మార్గేట్, బ్రాడ్‌స్టెయిర్స్, రామ్స్‌గేట్ పట్టణాలలో మైక్రోపబ్బులు దగ్గరదగ్గరగా వెలిశాయి. వీటిలో చాలావరకు ఒక్క గది, సంగీతం లేని వాతావరణం, కొద్ది రకాల ఏల్స్ ఉంటాయి. సెల్లారు లేనిచోట్ల చల్లని గదిలో పీపాలుంచి నేరుగా గ్లాసులోకి పట్టి ఇస్తారు. ఇలా పట్టిన బీరుకు నురగ తక్కువ, అది లోపం కాదు. రామ్స్‌గేట్ తీరంలోనే పాత రాయల్ విక్టోరియా పెవిలియన్ భవనంలో వెదర్‌స్పూన్ సంస్థ 2017లో తన అతిపెద్ద పబ్ తెరిచింది. నాలుగు బల్లల పబ్, వందలమంది పట్టే పబ్ ఒకే కొలబద్దతో మార్కులు పొందుతాయి.

ఉత్తర యార్క్‌షైర్: స్కార్‌బరో, విట్‌బీ వైపు పంపు మూతికి సన్నని రంధ్రాల స్పార్క్లర్ బిగించి చిక్కని నురగతో పోస్తారు. దక్షిణాదిలో దాన్ని వాడేది తక్కువ. స్పార్క్లర్ వల్ల వాయువు నురగలోకి పోయి బీరు మృదువుగా, చేదు కొంత తగ్గినట్టుగా అనిపిస్తుంది.

కార్న్‌వాల్: 1994లో రాక్ గ్రామంలో మొదలైన షార్ప్స్ బ్రూవరీ తన ఏల్‌కు కామెల్ నది మొగలోని ఇసుకదిబ్బ పేరు డూమ్ బార్ అని పెట్టింది. 2011లో మోల్సన్ కూర్స్ ఆ బ్రూవరీని కొన్నది. 1851లో స్థాపించిన సెయింట్ ఆస్టెల్ బ్రూవరీ ట్రిబ్యూట్ కూడా ఆ తీరంలో విరివిగా దొరుకుతుంది.

పరిమితులు, వివాదాలు

ఒక్కరు వేసిన ఒక్క మార్కుకు విలువ తక్కువ. నాలుక అలసిపోవడం, మద్యం ప్రభావం, ఆనాటి ఉల్లాసం, సముద్రపు గాలి, సహచరుల అభిప్రాయాలు తీర్పును మారుస్తాయి. 4 శాతం ఏల్ పింట్‌లో సుమారు 2.3 మద్యం యూనిట్లుంటాయి. బ్రిటన్ ఆరోగ్య శాఖల సలహా ప్రకారం వారానికి 14 యూనిట్లు మించరాదు. అందువల్ల కూడా మూడోవంతు గ్లాసులతో, కొద్ది రకాలతో సరిపెట్టడం మంచిది.

నిర్వచనం మీదా వాదాలున్నాయి. కెగ్‌లలో వచ్చే కొత్త తరం క్రాఫ్ట్ బీర్లు నాణ్యమైనవైనా రియల్ ఏల్ పరిధిలోకి రావని కొందరు ఆక్షేపిస్తారు. పీపాలో ఖాళీ అయిన చోట గాలికి బదులు కార్బన్ డయాక్సైడ్ చేరేలా చేసే క్యాస్క్ బ్రీదర్‌ను కామ్రా దీర్ఘకాలం వ్యతిరేకించి, 2018లో తటస్థ వైఖరికి మారింది. చలికాలంలో అమ్మకాలు పడిపోయే తీరపు పబ్బులకు ఈ సాధనం ఉపయోగకరం. బీరు సహజంగా పరిపక్వం చెందకుండా అడ్డుతుందన్నది వ్యతిరేకుల వాదన.

ప్రాధాన్యం

మార్కుల విధానం వినియోగదారుకు ఎంపికలో, పబ్ యజమానికి సెల్లారు లోపాలు తెలుసుకోవడంలో, చిన్న బ్రూవరీలకు మార్కెట్ సంపాదించడంలో తోడ్పడుతుంది. విహారులు రాని నెలలలో కూడా గైడ్ చూసుకుని వచ్చే ఏల్ ప్రియులు తీరపట్టణాల పబ్బులకు కొంత ఆధారం. గైడ్‌లో చోటు శాశ్వతం కాదు. జాబితా ఏటా కొత్తగా తయారవుతుంది, మార్కులు తగ్గిన పబ్ మరుసటి సంచికలో చోటు కోల్పోవచ్చు.